సిరెంగో కొలిమిలో దాగలి

చ్వేలే ఊరికి వెళ్ళే మట్టిరోడ్డు మీద, వాగు వంతెన దాటగానే ఎడంపక్కకి ఒక తోవ చీలుతుంది. పగలు ఆ తోవలో మేకలు మేస్తుంటాయి. చీకటి పడిందంటే మాత్రం మోటారుసైకిలు బాడుగ వాళ్ళు కూడా అక్కడ ఆగరు. ఎంత ఇస్తామన్నా అటు తిరగరు. వెనక్కి చూడకుండా లాగించేస్తారు.

ఆ తోవ చివర సిరెంగో కొలిమి ఉంది.

సిరెంగో పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఆయన్ని పెరట్లో పూడ్చిన మట్టి ఆరకముందే ఆయన తమ్ముడు వదినని తరిమేశాడు. ఆవిడ నది దాటి పుట్టింటికి పోయిందన్నారు. ఇక భూమి తనదేనని తమ్ముడు దున్నడానికి ఎద్దుల్ని కట్టుకుని వచ్చాడు. తన పనులు తెమిలి చేరేసరికే పొద్దు గుంకింది. అప్పుడు మొదలైంది... మూసిన కొలిమిలోంచి సుత్తి చప్పుడు.

ఠంగ్... ఠంగ్...

లోపల నిప్పు లేదు. పైన పొగ లేదు. చప్పుడు మాత్రం ఉంది. తమ్ముడు నాగలి అక్కడే వదిలేసి పరుగెత్తాడు. జ్వరంతో మంచాన పడ్డాడు. లేచాక మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అన్న భార్యని వెళ్ళగొట్టిన పాపం — చచ్చినవాడు ఊరుకుంటాడా అన్నారు జనం.

అలాంటి చోటికి వెళ్ళాడు ములోంగో.

ములోంగో చెరకు మిల్లులో ఫిట్టరుగా చేసేవాడు. మిల్లు మూతపడింది. ఈ నెల తెరుస్తారు, వచ్చే నెల తెరుస్తారు అని ఎదురుచూసి ఎదురుచూసి, ఆ ఆశ కూడా వదిలేసుకున్నాడు. చిన్నప్పుడు మేనమామ కొలిమిలో తిత్తి ఊదినవాడు, కాస్త ఎదిగాక సమ్మెట ఎత్తినవాడు. ఇంటి వెనక రేకుల పాక వేసి తనే కొలిమి పెట్టుకుందామనుకున్నాడు. దుకాణాల్లో అమ్మే పారలు ఒక్క వానాకాలానికే వంగిపోతున్నాయి. గట్టి పార చేసి ఇచ్చేవాడుంటే రైతులు వెతుక్కుంటూ వస్తారు.

కొత్త పనిముట్లు కొనే తాహతు లేదు. పాతవాటి కోసం తిరిగాడు. సంతలో మూలన కూర్చునే ముసలాయన దగ్గర పిడి లేని సుత్తులు దొరికాయి. అంచులు పువ్వులా విచ్చుకున్నవి పక్కన పెట్టి, మిగిలినవాటిని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి, బీట లేనివి ఏరుకున్నాడు. మిషను బడి వాళ్ళు పాత సామాను తీసేస్తున్నారంటే వెళ్ళి, ఇనుము కదలకుండా పట్టి ఉంచే నిలువుకాళ్ళ బిగింపు పట్టా ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. దాని మర అరిగింది గాని పట్టు పోలేదు. సైకిలు చక్రానికి పంకా తగిలించి గాలి ఊదే యంత్రం తనే చేసుకున్నాడు. లారీ కమాను బద్దలు కోసి పటకార్లు చేసుకున్నాడు.

దొరకనిది దాగలి ఒక్కటే, కాల్చిన ఇనుముని పెట్టి కొట్టే ఇనప దిమ్మ.

పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడు. అంత బరువైన ఇనుము ఒక్కరోజు కూడా ఆగదన్నారు. లారీ ఎక్కి నగరంలో బట్టీకి పోతుందన్నారు. రైలు పట్టా ముక్క మీద కొట్టి చూశాడు. ప్రతి దెబ్బకీ అది ఎగిరి పక్కకి పడింది. లారీ ఇరుసు నిలబెట్టి కొట్టాడు. పైభాగం మెత్తగా సొట్టపోయింది. దాగలి లేని కొలిమి వట్టి పొయ్యి.

"దాగలి కావాలా బావా?" అన్నాడు సితాతి ఒకరోజు. సితాతి తోపుడుబండి లాగుతాడు. సంత రోజుల్లో బస్తాలు, మిగతా రోజుల్లో పాత ఇనుము కొట్టుకి సరుకు. "జిల్లా మొత్తానికి మంచి దాగలి ఒక్కటే ఉంది. కాకపోతే దాని యజమాని ఇంకా వాడుకుంటున్నాడు."

"ఎవరతను?"

"సిరెంగో."

ములోంగో నవ్వలేదు. సితాతి నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

"వెళ్తావా ఏంటి?"

"బండి తెస్తావా?"

"వంతెన దాకా తెస్తా. అటు అడుగు పెట్టమంటే మాత్రం నా పిల్లల్ని నువ్వే సాకాలి."

ఆ సాయంత్రం భార్య నలియాకా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చచ్చినవాడి పనిముట్టు ఇంట్లోకి తెస్తావా?"

"బతికున్నవాళ్ళ దగ్గర అడిగి చూశాను. దొరకలేదు."

"వద్దంటున్నాను."

"మరి ఏం చెయ్యమంటావు? పిల్ల రెండు పూటలా గంజే తాగుతోంది."

ఆమె పక్కకి తప్పుకుంది.

పగలు వెళ్తే సిరెంగో తమ్ముడి పొలంలోంచి కనిపిస్తారు. సితాతి బండి కూడా సంత ముగిశాకే ఖాళీ. అందుకే చీకటి పడ్డాక బయల్దేరారు. వాగులో కప్పలు అరుస్తున్నాయి. వంతెన మీద సితాతి బండి దింపి, సిగరెట్టు వెలిగించబోయి, వెలిగించకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"తొందరగా రా బావా," అన్నాడు గొంతు తగ్గించి.

తోవ పొడుగునా గడ్డి నడుం ఎత్తు పెరిగింది. ములోంగో టార్చి నేలకేసి పట్టుకుని నడిచాడు. కొలిమి కప్పు కనిపించింది. దాని పక్కన మట్టి దిబ్బ... సిరెంగో సమాధి. దాని మీద గడ్డి లేదు. ఎవరో శుభ్రం చేసినట్టుంది.

అది చూసి ఆగాడు. అప్పుడే...

ఠంగ్.

 కప్పలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

ఠంగ్.

పెద్ద సుత్తి కాదు. చిన్నది. మేస్త్రి చేతి సుత్తి. ములోంగోకి ఆ లెక్క తెలుసు. మేస్త్రి చిన్న సుత్తితో చోటు చూపిస్తాడు, ఎదుటివాడు అక్కడ సమ్మెట దించుతాడు. మళ్ళీ చిన్న సుత్తి, మళ్ళీ సమ్మెట. ఇక్కడ చిన్న సుత్తి మోగుతోంది... ఆగుతోంది. సరిగ్గా ఒక సమ్మెట దెబ్బ పట్టేంత సేపు ఆగుతోంది. మళ్ళీ మోగుతోంది.

ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టుగా.

పారిపోదామనుకున్నాడు. అదే నిజం. కాని ఇంటి దగ్గర ఖాళీ పాక కళ్ళముందు మెదిలింది. తలుపు చోట గోనెపట్టా వేలాడుతోంది. చెయ్యి చాపాడు. పట్టా పక్కకి లాగాడు...

చప్పుడు ఆగిపోయింది.

వంతెన దగ్గర సితాతికి ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. బండి వదిలేసి పోదామా అనుకుంటుండగా గడ్డి కదిలింది. ములోంగో వచ్చాడు. చేతిలో దాగలి లేదు. టార్చి ఎడం చేతిలో ఉంది. కుడి చెయ్యి భుజం నుంచి తడిగుడ్డలా వేలాడుతోంది.

"ఏమైంది బావా?"

ములోంగో బండి అంచుకి ఆనుకున్నాడు. అప్పుడు అన్నాడు — "చెయ్యి... లేవడం లేదు సితాతీ."

సితాతి అతన్ని బండిమీద వేసుకుని ఊరి దాకా ఆగకుండా లాగాడు. తెల్లారేసరికి ఆ మాట తెలియని గుమ్మం లేదు.

పాస్టరు వచ్చి చేతికి నూనె పూసి గొంతు బొంగురుపోయేదాకా ప్రార్థన చేశాడు. ఆకుమందు వైద్యుడు మణికట్టు మీద బ్లేడుతో గాట్లు పెట్టి బూడిద రుద్దాడు. ములోంగో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి మాత్రం కదల్లేదు. బుంగోమా పట్నం ఆసుపత్రిలో డాక్టరు సుత్తితో మోచేతి మీద తట్టి చూసి, నాకేమీ దొరకడం లేదు అన్నాడు. నలియాకా రోజూ రాత్రి ఆ చేతికి నూనె వేడిచేసి రాసేది. రాస్తూ రాస్తూ ఏడ్చేది. అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒంటిచేతి మనిషికి కొలిమి ఎందుకు? బిగింపు పట్టా వెల్డింగు కుర్రాళ్ళు తీసుకెళ్ళారు. సుత్తులు మళ్ళీ సంతలో ముసలాయన ముందుకే చేరాయి. గాలి యంత్రాన్ని ఎవరూ అడగలేదు. చివరికి సైకిలు చక్రం విప్పి సైకిలు వాళ్ళకే ఇచ్చేశారు. రేకుల పాకలో నలియాకా కోళ్ళని కట్టేసింది. ఇళ్ళల్లో బట్టలు ఉతకడానికి పోతోంది. ములోంగో పరాయివాళ్ళ మేకలు కాస్తున్నాడు.

సిరెంగో కొలిమి పేరు ఇంకా పెరిగింది. పాత ఇనుము కొట్టు వాళ్ళు కూడా ఆ తోవ మొహం చూడటం మానేశారు.

వానలు వెళ్ళిపోయే రోజుల్లో ఒక సాయంత్రం. పొయ్యి మీద ఉగాలికి, మొక్కజొన్న పిండి ముద్దకి, నీళ్ళు మరుగుతున్నాయి. పొయ్యిరాయి ఒకటి పక్కకి జారింది. కుండ ఒరిగింది. దాని కిందే పిల్ల కూర్చుని పుల్లలతో ఆడుకుంటోంది. నలియాకా దూరంగా ఉంది. చేతిలోది వదిలేసి పరుగెత్తింది...

కుండ పడలేదు.

ములోంగో దాన్ని పట్టుకున్నాడు. మసి కుండని, మరిగే నీళ్ళతో సహా, అరచేత్తో ఆపి మళ్ళీ రాళ్ళ మీద నిలబెట్టాడు.

కుడి చేత్తో.

నలియాకా ఆ చేతికేసి చూసింది. అతను కూడా చూసుకున్నాడు. అరచెయ్యి ఎర్రగా కమిలి, చూస్తుండగానే పొంగుతోంది. ఇప్పుడు దాన్ని కిందికి వేలాడదీసినా లాభం లేదని తెలిసినవాడిలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె పిల్లని లోపల పడుకోబెట్టి వచ్చింది. తలుపు వేసింది.

"చెప్పు," అంది.

చెప్పాడు. గోడలు వింటాయేమో అన్నంత నెమ్మదిగా.

గోనెపట్టా లాగితే లోపల ఒక ముసలావిడ. పేరు నబలాయో. సిరెంగో భార్య. చేతిలో చిన్న సుత్తి. టార్చి వెలుగుకి కళ్ళు మూసుకుంది గాని సుత్తి వదల్లేదు. పుట్టింట్లో ఆవిడకి ఎవరూ మిగల్లేదట. మొగుడు చనిపోయిన నెలలోనే తిరిగి వచ్చేసిందట. అప్పట్నించీ అక్కడే ఉంటోంది. తెల్లవారకముందే లేచి తనని ఎవరూ ఎరగని సంతకి నడిచివెళ్ళి వేరుశెనక్కాయలు అమ్ముకుంటుంది. చీకటి పడ్డాక వస్తుంది. వచ్చి, మరిదికి వినబడేలా, మొగుడు కొట్టినట్టే కొడుతుంది. ఒకప్పుడు ఆయనకి సమ్మెట వేసింది ఆవిడే.

"నువ్వు కొలిమివాడివా నాయనా, పాత ఇనుము వాడివా?" అని అడిగిందట.

"కొలిమివాణ్ణే అమ్మా."

"అయితే తీసుకుపో. పని తెలిసినవాడి చేతికే పోనీ. నా రెక్కలు కూడా ఇక లేవడం లేదు."

అతను దాగలి మీద చెయ్యి వేశాడు. అంచు ఎక్కడా విరగలేదు. జేబులోంచి ఉక్కు గోలీ తీసి పైనుంచి వదిలితే, అది తిరిగి దాదాపు చేతిలోకే వచ్చింది. అలాంటి దాగలి అతను మేనమామ దగ్గర కూడా చూడలేదు.

"మరి నీ సంగతేంటమ్మా?"

"చప్పుడు ఆగిన వారానికి మరిది నాగలి కట్టుకొస్తాడు. పెరడంతా మొక్కజొన్న వేస్తాడు. ఆయన మీద కూడా."

అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరికీ చెప్పనమ్మా అన్నాడు.

"నువ్వు చెప్పక్కర్లేదు నాయనా," అందట ఆవిడ. "బండి చప్పుడు విన్నాను. నువ్వు చక్కగా నడుచుకుంటూ బయటికి వెళ్తే చాలు... అందరికీ తెలిసిపోతుంది."

నిజమే. వంతెన మీద సితాతి ఉన్నాడు. సితాతి ఇనుము కొట్టుకి సరుకు మోసేవాడు. లోపలికి వెళ్ళినవాడు నిక్షేపంగా తిరిగొచ్చాడంటే మర్నాటికి లారీ వస్తుంది. ఆ వెనకే నాగలి వస్తుంది. ఆ తోవలో నడుస్తూ నడుస్తూ ఇదంతా అతనికి అర్థమైంది. గడ్డి దాటేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. కుడి చెయ్యి చచ్చుబడినట్టు వదిలేశాడు. ఆ క్షణానికి అది ఒక్క రాత్రి పనే అనుకున్నాడు.

నలియాకా పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

"ఆవిడ మనకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"రోజూ నూనె రాశాను ఈ చేతికి," అంది ఆమె. "ఒక్కసారైనా... నాకైనా చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పను? ఎవరో ముసలావిడ కోసం నీ నోటిదగ్గర కూడు తీసేశానని చెప్పనా?"

 బయట పాకలో కోళ్ళు రెక్కలు కొట్టుకుని సర్దుకున్నాయి. సిరెంగో కొలిమి చాలా దూరం, ఇక్కడికి ఆ సుత్తి చప్పుడు రాదు. అయినా ఇద్దరూ కాసేపు చెవులు రిక్కించి కూర్చున్నారు.

అప్పుడు నలియాకా లేచింది. గిన్నెలో చల్లటి నీళ్ళు తెచ్చి కాలిన చెయ్యి అందులో ముంచింది. ఉతకడానికి ఉంచిన తన పాత నడుంగుడ్డ పొడుగ్గా చించింది. అరచేతికి కట్టు కట్టి, చెయ్యి మడిచి, మిగిలిన గుడ్డ మెడ చుట్టూ తిప్పి ముడి వేసింది. గట్టిగా, ఇక ఊడదన్నట్టుగా వేసింది.

"రేపు కుళాయి దగ్గర అడుగుతారు," అన్నాడు ములోంగో.

"అడగనీ." ఆమె ముడిని ఇంకోసారి లాగి చూసింది. "కుండ మీద పడినా తెలియలేదు, చెయ్యి అంతగా చచ్చిపోయిందని చెబుతాను."

చేతికి నిప్పు మంట ఎక్కుతోంది. అతను పళ్ళ బిగువున కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందా?" అంది ఆమె, గుసగుసగా.

"లేదు," అన్నాడు.

"అలాగే చెప్పు. ఎవరడిగినా అలాగే చెప్పు," అని దీపం ఆర్పింది.