కొన్నమ్మ

వీధిలో ఉండే రేవతి చెప్పిన మాట అప్పయమ్మ నోట పడి కోడలు నాగవేణి చెవికి చేరేసరికి పొయ్యి మీద ఉప్మా అడుగంటింది. మాట ఏమిటంటే, వీధి కొళాయి దగ్గర ఎదురింటి నూకరత్నం గాజులమ్మే ఆవిడతో, "ఆ చిన్న గుంట నా బిడ్డే. నాను కొనుక్కున్నాను. ఆళ్ళు పెంచుతన్నారంతే" అన్నదట. గాజులావిడ అది నిజమే అనుకుని, పెంచినోళ్ళకి నెలకేటిస్తన్నారమ్మా అని అడిగిందట. పక్కనే బిందె పెట్టుకుని నిలబడ్డ రేవతి ఒక్క ముక్క కింద పడకుండా ఏరుకుని తెచ్చింది.

కోడలి ముఖం చూశాక అప్పయమ్మకి తను చేసిన పని తెలిసింది. నూకరత్నం నవ్వుతాలకి అనుంటాదనీ, రేవతి దానికి కాళ్ళూ చేతులూ పెట్టుంటాదనీ సర్దబోయింది. నాగవేణి మాడిన ఉప్మాని పైపైన తీసి పిల్లల కంచాల్లో పెట్టి, చిన్నదాన్ని జడకి పిలిచింది.

దేవిశ్రీ ఒకటో తరగతి. జడకి కూర్చుంటే తల ఒక్క చోట ఉండదు. ఆ రోజు తల ఎదురింటి వైపే తిరుగుతోంది. నువ్వల్లితే ఇంటర్వెల్‌కే ఊడిపోతాది, కొన్నమ్మయితే బిగించి అల్లుతాది, పువ్వులు కూడా పెడతాది అని మొదలుపెట్టింది. నాగవేణి జడపాయ ఒకటి ఎక్కువ గట్టిగా లాగింది. పిల్ల కయ్యిమంది. పెద్దది అశ్విని ఐదో తరగతి. గోడ అద్దం ముందు నిలబడి, రిబ్బను పళ్ళతో పట్టుకుని తన జడ తనే అల్లుకుంటోంది. చెల్లి ఏడుపు విని వచ్చి, దాని బూట్లు తొడిగి, రెండు సంచులూ భుజానికి తగిలించుకుని ఆటో ఎక్కించింది. నాగవేణి అటు చూసిందో లేదో గాని, ఆమె కళ్ళు మాత్రం ఎదురింటి అరుగు మీదే ఉన్నాయి. అక్కడ నూకరత్నం చెయ్యి ఊపుతోంది. ఆటోలోంచి చిన్న చెయ్యి కూడా అటే ఊగింది.

"కొన్నమ్మ" అన్న మాట ఆ పిల్ల కల్పించింది కాదు, వచ్చిన దారి వేరే ఉంది.

అశ్విని తర్వాత నాగవేణికి పుట్టిన మగబిడ్డ పురుడు వెళ్ళకుండానే పోయాడు. ఆ తర్వాత దేవిశ్రీ. పుడుతూనే పచ్చకామెర్లు పట్టుకొచ్చింది. అనకాపల్లి ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఎలాగో గట్టెక్కించి ఇంటికి తెచ్చిన రోజున అప్పయమ్మ, ఆ చుట్టుపక్కల ముసలమ్మలు ఎప్పట్నుంచో చేస్తున్న పనే చేసింది. బిడ్డని చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టింది. ముగ్గురు కొడుకుల్ని కని ముగ్గుర్నీ దక్కించుకున్న చెయ్యి కాబట్టి నూకరత్నాన్ని పిలిచింది. నూకరత్నం తన గేదెలకి పెట్టే తవుడు గుప్పెడు తెచ్చి అప్పయమ్మ కొంగులో పోసి, "ఈ బిడ్డ నాది, నాను కొనుక్కున్నాను" అని పైకి వినపడేలా చెప్పి ఎత్తుకుంది. వెంటనే నాగవేణి ఒళ్ళో పెట్టి, "నా బిడ్డని నువ్వు పెంచిపెట్టే" అంది. అమ్ముడుపోయిన బిడ్డ మీద చావుకి హక్కుండదని లెక్క. అలా దక్కిన పిల్లల్ని తవిటయ్య, తవిటమ్మ అంటారు. అప్పయమ్మ మొగుడి పేరు తవిటయ్యే, ఆయన ఎనభై దాటి బతికాడు. అందుకని ఈ పిల్ల బడిలో దేవిశ్రీ, ఎదురింట్లో తవిటమ్మ. కన్నది అమ్మ, కొన్నది కొన్నమ్మ.

ఆ రోజున నాగవేణి నూకరత్నం కాళ్ళ మీద పడి ఏడ్చింది. బిడ్డ బతికితే చాలు, ఎవరి బిడ్డయితే ఏటి అనుకుంది. బతికాక మాత్రం ఆ మాటే గొంతులో చేపముల్లై కూర్చుంది.

ఎందుకంటే బడి నుంచి రాగానే ఆ పిల్ల ముందు ఎదురింటికే పోతుంది. అక్కడ మీగడ ఉంటుంది. మాడుగుల వెళ్ళిన వాళ్ళెవరితోనైనా తెప్పించిన హల్వా ఉంటుంది. పండక్కి గౌను ఆవిడే పెడుతుంది. ఇంట్లో మిషను తొక్కి ఊరందరి జాకెట్లూ కుట్టే నాగవేణి, తన కూతురు వేరే చేతి గౌను వేసుకుని వీధిలో తిరుగుతుంటే కిటికీలోంచి దాని కుట్లు లెక్కపెట్టేది. చంక దగ్గర వంకర కనిపిస్తే ఆ పూట అన్నం సయించేది. మొన్న చలిరోజుల్లో జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది నాగవేణి, పిల్ల కలవరించింది మాత్రం కొన్నమ్మా అని. ఆ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడు సత్తిబాబుకి కూడా.

సత్తిబాబుకి లగేజీ ఆటో ఉంది. బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి తోలుతాడు. పెళ్ళాం మనసులో ఏముందో అతనికి కొంచెం కొంచెం తెలుసు గాని, ఆడాళ్ళ అసూయలో వేలు పెట్టడం నడిచే గానుగలో వేలు పెట్టడం లాంటిదని ఊరుకునేవాడు. పెద్దదాని ఊసొస్తే మాత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే మాట అనేవారు, దాని గొడవే లేదు, అది బంగారం అని.

ఆ వారమంతా దేవిశ్రీ కింది పన్ను ఊగుతోంది. నాగవేణి దాని మీద ఆశ పెట్టుకుంది. ఊడితే నాకే ఇవ్వాలి, పేడముద్దలో పెట్టి మనింటి మీద ఇసురుదాం, బియ్యపుగింజ లాంటి పన్నొస్తాది అని రోజూ చెప్పింది. పిల్ల రోజూ తలూపింది. ఆదివారం లైనింగు గుడ్డ కోసం నాగవేణి బజారుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి దేవిశ్రీ బోసి చిగురు చూపించి నవ్వుతూ ఎదురొచ్చింది. పన్నేదే అంటే, ఎదురింటి పెంకుల మీదకి చెయ్యి చూపించింది. కొన్నమ్మ ఇసిరీసింది, ఒక్క ఇసురుకే పడిపోయింది అంది గొప్పగా.

నాగవేణి చేతిలో సంచీ కింద పెట్టలేదు. అలాగే నిలబడి మొగుడికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు రైసుమిల్లు దగ్గర ఆగి అర బస్తా తవుడు తెమ్మంది.

"గేదెని కొన్నావేటే?" అన్నాడు సత్తిబాబు.

"గేదెని కాదు. గుంటని" అని పెట్టేసింది.

సోమవారం సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చారు. చిన్నది సంచీ అక్క మీదకి తోసి ఎదురింటికి పరిగెత్తింది. నాగవేణి చేట నిండా తవుడు పోసుకుని, చంకన పెట్టుకుని వీధి దాటింది. నూకరత్నం కుడితి కలుపుతోంది. దేవిశ్రీ గట్టు మీద కూర్చుని మూతికి మీగడ పూసుకుని ఉంది. నాగవేణి చేట తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది.

"ఇదిగో పిన్నీ. నీ గుప్పెడుకి నా చేటడు. నా పిల్లని నాకిచ్చీ."

వెనకాలే వచ్చిన అప్పయమ్మ నెత్తి బాదుకుంది. అమ్మిన బిడ్డని తిరిగి కొంటే అంతా మొదటికొస్తాదనీ, మతిపోయిన పని చెయ్యొద్దనీ కోడలి చెయ్యి పట్టుకుంది. నాగవేణి విడిపించుకుంది. పక్కింటి గోడ అవతల రేవతి తల ఎప్పుడు లేచిందో లేచింది.

నూకరత్నం కుడితి చెయ్యి కొంగుకి తుడుచుకుని, చేటలోంచి చిటికెడు తవుడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఒక పలుకు నోట్లో కూడా వేసుకుంది.

"ఇది మిల్లు తవుడే. సగం ఊకుంది. మా గేదె కూడా మూతెట్టదు."

రేవతి కిసుక్కుమంది. ఆ నవ్వుతో నాగవేణికి అన్నేళ్ళ నుంచీ అణిచిపెట్టుకున్నదంతా పైకొచ్చింది. బిడ్డని దక్కించావు, కాదనను, దానికి కాళ్ళు మొక్కేను, ఇంకా మొక్కుతాను అంది. కానీ జడ నువ్వే వెయ్యాలి, గౌను నువ్వే పెట్టాలి, జ్వరంలో నిన్నే తలవాలి, ఆఖరికి ఊడిన పన్ను కూడా నీ ఇంటి మీదే పడాలి అంది. గాజులదానితో అన్న మాట కూడా అనేసింది.

"నవమాసాలు మోసి కన్నాను పిన్నీ. ఊరికి నన్ను జీతం లేని ఆయాని చేసీసినావు."

నూకరత్నం గట్టు మీద కూలబడింది. ఎప్పుడూ ఒకరి చేత మాట పడని మనిషి, ఆ పూట నేల చూపు చూసింది.

"అన్నాను. గాజులావిడ గాజుల మలారం ఇప్పి, ఆడపిల్లలున్నారా అమ్మా, గాజులేయిస్తావా అనడిగింది. లేరని సెప్పడానికి నోరు రాలేదే. ముగ్గురు మొగోళ్ళని కన్నాను, ఒకడు గాజువాక, ఒకడు పరవాడ, ఒకడు ఎక్కడుంటాడో ఆడికే తెలీదు. ఆళ్ళ కోసం గాజులు కొంతానేటి? ఈ గుంట సెయ్యి గుర్తొచ్చింది. అనీసినాను."

నాగవేణి ఏదో అనబోయింది. ఆవిడ ఆగలేదు.

"నిన్ను సూత్తే నాకెంత కడుపు మంటో నీకు తెల్దు. ఇక్కడికొచ్చి నా మీగడ తిని ఇదేటి సెప్తాదనుకున్నావు? మా అమ్మ మిషను ఇలగ తొక్కుతాది, మా అమ్మ పాటలిలగ పాడతాది. నాను పెట్టిన గౌను తొడుక్కుని, సంక కాడ కుట్టు బాలేదు, మా అమ్మయితే బాగా కుడతాది అంతాది నా మొహం మీదే. నాకెలాగుంతాదే? ఇక్కడున్నంతసేపూ నువ్వే ఉంతావు ఇంట్లో."

ఆ చంక దగ్గర వంకర సంగతి తల్లికీ పిల్లకీ ఒకేసారి కనిపించిందని నాగవేణికి అప్పటిదాకా తెలియదు. ఏడుపో నవ్వో తేల్చుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూకరత్నం లేచి, దేవిశ్రీ మూతి తుడిచి, రెండు భుజాలు పట్టి తల్లి ముందు నిలబెట్టింది. తీసుకుపొమ్మంది. ఇకనుంచి దేవిశ్రీ అనే పిలుస్తానంది. అయితే ఆ పేరు ఆవిడ నాలిక మీద సరిగ్గా తిరగలేదు. దేవిసిరి అంది. పరాయి పిల్లని పిలిచినట్టుంది.

నాగవేణికి గాజుపెట్టె కళ్ళ ముందు మెరిసిపోయింది.

"వద్దు పిన్నీ. తవిటమ్మనే పిలు. అలగే పిలు. నాకు భయంగుంటాది" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆడవాళ్ళు ముగ్గురూ ఏడ్చారు. ఎవరు ఎవరి కళ్ళు తుడిచారో తెలియదు. అప్పయమ్మ దిష్టి తీయాలని హడావుడి పడింది. దేవిశ్రీకి ఏమీ అర్థం కాక, నేను ఇక్కడ మీగడ తిని అక్కడ పడుకుంతాను, ఎందుకు ఏడుస్తారు అంది. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదని రేవతి తల గోడ కిందికి దిగిపోయింది.

ఈ గొడవలో ఎవరి కాలో తగిలి చేట ఒరిగింది. వాకిలంతా తవుడు. కోళ్ళు వచ్చి పడ్డాయి. అశ్విని ఎప్పుడు వచ్చిందో, రెండు బడి సంచులూ గట్టు మీద పెట్టి, చీపురు తెచ్చి, కోళ్ళని అదిలిస్తూ తవుడు పోగుచేసి చేటలోకి ఎత్తుతోంది. యూనిఫారం మోకాళ్ళ దగ్గర తెల్లగా అయింది.

నాగవేణి మనసు అప్పుడు దూదిలా తేలిగ్గా ఉంది. చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పెద్దదాన్ని చూపిస్తూ నూకరత్నంతో మురిపెంగా చెప్పింది. ఈ పెద్దదానితో నాకు ఏ పేచీ లేదు పిన్నీ, పుట్టాక ఇది కావాలని నన్నొకటి అడిగి ఎరగదు అంది. ఆ పూట ఏదడిగినా ఇవ్వాలనిపించింది.

"ఏమే అశ్వీ, ఇయ్యాల నువ్వు కూడా అడుగు. నీకేటి కావాలో సెప్పు, ఇచ్చీస్తాను."

అశ్విని తవుడు ఎత్తడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"నన్ను కూడా ఎవరికైనా అమ్మీయమ్మా. అప్పుడు నా కోసం కూడా తవుడట్టుకొని ఒస్తావు."