పలకరించే వ్యవధి

జీడిపిక్కలు ఒలుస్తున్న పైడితల్లి నడుముకు కట్టుకున్న కడుపుకన్ను పట్టీ మెల్లగా వణికింది. పేగు మెలిపడిందనీ, పొద్దు వాలేలోగా కోత జరగాలనీ చెప్పింది. ఆమెకు నొప్పేమీ తెలియలేదు. ఆ పట్టీ నొప్పిని పుట్టిన చోటే నిద్రపుచ్చుతుంది.

పలాసలో ఇప్పుడు కడుపుకు కోత అంటే ఎవరికీ భయం లేదు. ఆసుపత్రిలోని కోతపెట్టె అన్నం ఉడికేంత సేపట్లో పని ముగిస్తుంది. మనిషి సాయంత్రానికి ఇల్లు చేరి కూరకు తాలింపు వేసుకుంటుంది. అందుకే పలకరించడానికి వచ్చేవారి కోసం అక్కడ ఒక బల్ల కూడా లేదు.

పైడితల్లిని ఆసుపత్రికి తెచ్చి పెట్టెలో పడుకోబెట్టాక డాక్టర్ స్వర్ణ వేలిముద్ర వేయమంది. రోగి సమ్మతి లేనిదే పెట్టె కదలదు. పైడితల్లి చెయ్యి ముడుచుకుంది.

"మాయప్పొస్తే గానీ ఎయ్యనమ్మా."

రెండు వీధుల అవతల ఉండే అప్ప, అంటే అక్క ఎర్నమ్మకూ తనకూ తల్లి దినంనాడు మాటా మాటా పెరిగి, అప్పటినుంచీ పలుకుల్లేవని చెప్పింది. తల్లికి పాతకాలపు కోత జరిగినప్పుడు, ఎడమొహం పెడమొహంగా ఉన్న మేనమామలిద్దరూ బత్తాయిలు పట్టుకొచ్చి ఒకే బల్ల మీద కూర్చున్నారట. ఎంత పగ ఉన్నా, ఒంట్లో బాగోలేదంటే పలకరించి తీరాలి. తనకు పిత్తాశయం తీసినప్పుడు అప్ప వస్తుందని ఆశపడింది. కానీ కబురు వీధి దాటేలోగా కోత ముగిసి తనే ఇంటికి వచ్చేసింది.

ఆలస్యమైతే పేగు నల్లబడి ప్రాణం మీదికి వస్తుందని స్వర్ణ బతిమాలింది. పైడితల్లి వినలేదు సరికదా, నడుము పట్టీ కూడా విప్పేసింది. నొప్పి లేకుండా పడుకుంటే అప్ప నమ్మదట. చేసేది లేక స్వర్ణ కబురు పంపింది.

నొప్పి ఆమెను మెలిపెట్టేస్తున్న వేళ ఎర్నమ్మ వచ్చింది, కొంగులో బత్తాయిలతో. చెల్లెలి ముఖం మీది చెమట తుడుస్తూనే తిట్టింది.

"ఏటే, నాను రాకపోతే సచ్చిపోదువా?"

"రాకుండా ఎలగుంటావప్పా?" అని పైడితల్లి వేలిముద్ర వేసింది.

ఆ జాప్యానికి జానెడు పేగు పోయింది. ఏళ్లుగా ఎవరూ రాత్రి ఉండని ఆ ఆసుపత్రిలో పైడితల్లి రాత్రులు ఉండాల్సి వచ్చింది. తోడున్నవారికి మంచం లేదు. ఎర్నమ్మ చాప తెచ్చుకుని నేల మీదే పడుకుంది. అక్కచెల్లెళ్లు తల్లి దినం ఊసెత్తలేదు. జావలో ఉప్పు చాలలేదని మాత్రం రోజూ పోట్లాడుకున్నారు.

గాయం మానిందనీ, రేపు ఇంటికి వెళ్లొచ్చనీ ఒక ఉదయం స్వర్ణ చెప్పింది. పైడితల్లి కిందికి చూసింది. చాప మీద అప్ప కునుకు తీస్తోంది. డాక్టరును దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించింది.

"ఇంకో రెండ్రోజులు ఉంచీయమ్మా."