ఎడమ వాటం కుట్టు

దర్జీల వీధి చివర ఆ మూడంతస్తుల మేడ దగ్గరికి రాగానే నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. పాత పేట చూడ్డానికి వచ్చినవాళ్ళు అదేదో నా నటన అనుకుంటారు. కాదు. ఇరవై ఏళ్ళుగా జనాన్ని వెంటేసుకుని ఈ వీధులు తిప్పుతున్నాను, ఆ మేడ ముందు మాత్రం నాకింకా బిగ్గరగా మాట్లాడబుద్ధి కాదు.

మిగతావన్నీ హుషారుగానే చూపిస్తాను. ఓడలు దిగి వచ్చినవాళ్ళు నిలబెట్టుకున్న పేట ఇది. గోడల మీద ఒక పేరు పైన ఇంకో పేరు రాసిన దుకాణాలు, ఒకే తలుపుకు కొట్టిన తొమ్మిది ఉత్తరాల డబ్బాలు, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి ఉప్పు అందించుకునేంత ఇరుకు సందులు. పై అంతస్తుల కిటికీలు ఎందుకంత పెద్దవని అందరూ అడుగుతారు. సూదిలో దారం ఎక్కాలంటే వెలుతురు కావాలి కదండీ, అంటాను.

ఆ మేడ కిటికీలకు మాత్రం లోపలినుంచి నల్లగుడ్డ కట్టి ఉండేదట.

ఒకప్పుడు దానికి మహా చెడ్డపేరు. కింద దుకాణం మూతపడి ఏళ్ళయింది. పైన ఎవరూ లేరు. కానీ పొద్దువాలితే చాలు — పైనుంచి కుట్టుమిషను చప్పుడు... టకటకమని కాసేపు, ఆగి, మళ్ళీ టకటకమని. జ్వరమొచ్చి మిషను మీదే తల వాల్చి పోయిన మనిషి ఇంకా కుడుతూనే ఉందట. ఆ చప్పుడు విన్నవాళ్ళు వారం తిరక్కుండా మంచం పట్టారట. ఎవరు పట్టారు, ఏ మంచం అంటే ఎవరూ చెప్పలేరనుకోండి. అయినా దీపాలు పెట్టే వేళకి అటువైపు నడిచే నాథుడు లేకుండా పోయాడు.

ఇక నేను చెప్పబోయేది కాజాల పిన్ని నోట విన్నది. కోట్లకు కాజాలు కుట్టేది కాబట్టి ఆ పేరు. నాకు చుట్టం కాదు, పేటకంతా పిన్నే. ఎనభై ఏళ్ళ వయసులో ఒక సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

పద్దెనిమిదేళ్ళప్పుడు పిన్ని అక్కతో కలిసి ఓడ దిగింది. అక్క మొగుడు ముందే వచ్చి ఇక్కడ కటింగ్ మాస్టరుగా కుదురుకున్నాడు. రేవులో కాలు పెట్టేసరికి అక్కకు ఒళ్ళు కాలిపోతోంది. జ్వరాల ఆసుపత్రికి పట్టుకుపోయారు. పదోరోజున బావ ఒక్కడే తిరిగొచ్చి, గుమ్మంలో కూలబడి, "మీ అక్క ఇక లేదు" అన్నాడు. అంటురోగం కాబట్టి శవాన్ని కూడా చూపించలేదన్నాడు.

పిన్ని నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? కొత్త ఊరు, భాష రాదు, తెలిసిన మొహం ఆయనదొక్కటే. ఏడాది తిరిగాక ఆయన్నే పెళ్ళి చేసుకుంది. మంచివాడని పేరు. అక్క మాటెత్తితే కళ్ళు తుడుచుకునేవాడు. వారానికి మూడు రాత్రులు ఫ్యాక్టరీలో పని అని వెళ్ళి తెల్లారి వచ్చేవాడు.

పేటలో కోటు ఒకచోట తయారయ్యేది కాదు. ఒక ఇంట్లో కత్తిరిస్తారు, ఇంకో ఇంట్లో లోపలి అస్తరు వేస్తారు, మరో ఇంట్లో కాజాలు. ఎవరు ఏది కుట్టారో ఒకరికొకరికి తెలీదు, మూటలు మోసే కటింగ్ మాస్టరుకే ఎరుక. పిన్ని మొగుడు కొన్ని మూటలు ఎప్పుడూ ఇంటికి తెచ్చేవాడు కాదు, వాటికి కాజాలు ఇంకొకావిడ కుట్టేది. ఓ చలికాలం ఆవిడ చెయ్యి కాల్చుకుంది. సరుకు మర్నాటికి అందాలి. వేరే దారిలేక ఆ మూట పిన్ని ముందు పెట్టాడు.

కత్తెర పట్టినవాడికి గుడ్డ కనిపిస్తుంది గానీ కుట్టు కనిపించదు.

పిన్ని మొదటి కోటు తిరగేసింది. అస్తరు అంచున చేతికుట్లు... అన్నీ మామూలుకు ఎదురువైపు వాలి ఉన్నాయి. ఎడమ వాటం. చివర ముడి లేదు, దారం మూడుసార్లు వెనక్కి తిప్పి మడతలో దాచేసి ఉంది. ముడి వెయ్యవే అని అమ్మ ఎన్నిసార్లు మొట్టినా ఒక్క మనిషే అలా కుట్టేది.

"ఈ అస్తరు ఎవరు వేశారండీ?"

"ఎవరో ముసలమ్మ. పోయిన నెలే పోయింది పాపం. పాత సరుకు," అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

కానీ ఆ గుడ్డను మొన్న ఆయన తమ బల్ల మీదే కత్తిరించాడు. పిన్నే కదా అటు కొస పట్టుకుంది. సుద్దగీత ఇంకా చెరగలేదు. మొన్న కత్తిరించిన గుడ్డను పోయిన నెల పోయిన మనిషి ఎలా కుడుతుంది?

చచ్చినవాళ్ళు కుట్టే ఇల్లు పేటలో ఒక్కటే ఉంది.

"దెయ్యమైతే ఏంటే? మా అక్కే కదా," అంది పిన్ని నాతో. "ఒక్కసారి చూస్తే చాలనుకున్నాను. చూసి వారంలో పోయినా ఫరవాలేదనుకున్నాను."

అప్పుడే చీకటి ముసురుకుంటోంది. ఆయన మూటలు తేవడానికి ఫ్యాక్టరీకని వెళ్ళిన అరగంటకు పిన్ని శాలువా కప్పుకుని బయల్దేరింది. మేడ వెనక ఇనపమెట్లు. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే పైన — టకటక... టకటక... మూడో అంతస్తు చేరేసరికి చప్పుడు ఆగిపోయింది.

తలుపుకు బయట గడియ ఉంది.

పిన్ని దాన్ని చూస్తూ నిలబడిపోయింది. దెయ్యానికి ఎవరైనా గడియ పెడతారా? మెల్లగా లాగింది... తలుపు తోసింది.

చిన్న దీపం. మిషను ముందు నెరిసిన జుట్టు, ఎముకల గూడు లాంటి మనిషి. ఎడమ చేతిలో సూది. తల తిప్పి చూసింది... చూస్తూనే కెవ్వుమని గోడకు అంటుకుపోయింది.

"దగ్గరికి రాకే... నీకు ఏటా దీపం పెడుతూనే ఉన్నాను కదే..."

పిన్నికి ఒక్క క్షణం అర్థం కాలేదు. దెయ్యం తనని చూసి భయపడుతోంది.

"అక్కా," అంది. "నేను బతికే ఉన్నాను."

అక్క వచ్చి బుగ్గలు తడిమి చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఇద్దరూ నేలమీద కూలబడి ఏడ్చారు, బయటికి వినపడకుండా. ఆసుపత్రినుంచి బయటికొచ్చిన రోజున మొగుడు చెప్పాడట — నీ జ్వరమే అంటుకుని చెల్లెలు పోయిందని. నీ పేరు చచ్చినవాళ్ళ జాబితాలో పడింది, కాగితాలు లేవు, వీధిలోకి వస్తే పట్టుకుని మళ్ళీ ఓడ ఎక్కిస్తారని.

"గడియ నేనే పెట్టమన్నాను," అంది అక్క గుసగుసగా. "వెతికేవాళ్ళు వస్తే ఖాళీ ఇల్లనుకోవాలి కదా. మీ బావ తప్ప ఇటు ఎవరూ రారు. పాపం, నాకోసం ఎవరి కంటా పడకుండా ఎంత దాక్కుంటూ వస్తాడో."

ఈ మేడలో దెయ్యముందని వీధిలో మొదట చెప్పిన మనిషి ఎవరో పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. అన్నం తింటూ తనకే చెప్పాడు, అటు వెళ్ళకు సుమా అని చెయ్యి పట్టుకుని. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆరేళ్ళు ఆ దొంగకే అన్నం వడ్డించింది.

"మరి నిన్నెవరు చూసుకున్నారే ఇన్నేళ్ళూ?" అక్క అడిగింది.

పిన్ని శాలువా కొంగు లాక్కుని మెడ కప్పేసుకుంది.

కింద ఇనపమెట్ల మీద అడుగులు... ఒకటి... ఇంకొకటి...

అక్క కళ్ళు తుడుచుకుని గబగబా జుట్టు సర్దుకుంది. "మీ బావే. నువ్వు బతికున్నావని తెలిస్తే ఎంత సంతోషిస్తాడో చూడు."

గడియ తీసి ఉండటం చూసి కాబోలు, అడుగులు తలుపు దగ్గర ఆగాయి. తర్వాత తలుపు తెరుచుకుంది. భుజం మీద కోట్ల మూటతో ఆయన. దీపం వెలుగులో అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన.

గొంతు చించుకుని అరుద్దామనుకుందట పిన్ని. కానీ అక్క చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది, సంతోషంతో తన వేళ్ళను నొక్కుతూ.

"రా బావా," అంది. "కూర్చో."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని ఏవండీ అనడమే గానీ, ఒక్కసారీ అలా పిలిచి ఎరగదు.