గాలెంత?

సాయంత్రం నాలుగూ పదికి, భవనం కట్టే సైటులో అందరూ ఆఫీసక్క అని పిలిచే ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, గుడ్డపేలికతో కంప్యూటర్ తెర తుడిచింది. దుమ్ము పోయింది. తెర మీది సూర్యుడు మాత్రం పోలేదు.

పొద్దుటి నుంచి ముసురు పట్టి ఉంది. భోజనాల వేళ ఓ జల్లు కూడా పడి వెళ్లింది. తెర కుడిమూల వాతావరణం చూపించే పెట్టెలో మాత్రం పసుపుపచ్చని సూర్యుడు, ఉష్ణోగ్రత ముప్ఫై ఒకటి, దాని కింద లావుపాటి అంకెల్లో గాలి వేగం, గంటకి ఇన్ని కిలోమీటర్లని. పద్నాలుగు.

ఆ ఆఫీసు నిజానికి గది కూడా కాదు. ఓడల్లో సరుకు పంపే ఇనుప డబ్బాకి ఒక తలుపూ ఒక కిటికీ కోసి ఏసీ తగిలించారు. చెయ్యెత్తితే పైకప్పు తగులుతుంది. కిటికీలోంచి చూస్తే సగం లేచిన భవనం, దాని పక్కన పసుపు రంగు టవర్ క్రేన్. దాని మెడ దగ్గరున్న గాజు క్యాబిన్‌లో ఆమె తమ్ముడు కూర్చున్నాడు. ఆ సీట్లో అతనికి అది మొదటి రోజు. మధ్యాహ్నం వాకీటాకీలో వేళాకోళం కూడా ఆడాడు.

"అక్కా, ఇంజనీరు గారిని ఒక్కసారి పైకి రమ్మను. ఊరంతా చూపిస్తా."

"ఆయనకి స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయిరా. నోర్మూసుకుని పని చూడు."

అంతకు ముందు ఆ సీటు డేగన్నది. అంత ఎత్తు నుంచి కింద మేకు పడినా కనిపెడతాడని ఆ పేరు. నెల కిందట గాలివానలో పోయాడు. ఎత్తిన కడ్డీల కట్ట గాలికి ఊగి క్రేన్ స్తంభాన్ని గుద్దింది. దిగిపోదామని క్యాబిన్ అడుగున ఉన్న మూత తీసి నిచ్చెన మీద కాలు పెట్టాడు. గాలి అతన్ని చిత్తుకాగితంలా ఊడబెరికింది. నిలువునా కాళ్ల మీద పడ్డాడు. మొదట పరుగెత్తింది ఆఫీసక్కే. మడమలు రెండూ పిండి అయిపోయాయి. వెన్నుపూసలు ఒకదాంట్లో ఒకటి దిగబడి, అంత మనిషీ పొట్టివాడిలా కనిపించాడు. బెల్టు పెట్టుకోకపోవడం వల్ల జరిగిందని రిపోర్టు రాసి ఇంజనీరు సంతకం పెట్టాడు.

ఆ సైటులో ఒక పద్ధతి ఉంది. బరువు ఎత్తే ప్రతిసారీ పైనున్నవాడు వాకీటాకీలో "గాలెంత?" అని అడుగుతాడు. క్రేన్ కొసన గిర్రున తిరిగే చిన్న గిన్నెలున్నాయి. అవి కొలిచిన వేగం ఆఫీసులో తెర మీద పడుతుంది. ఆ అంకె కిందివాళ్లు చెప్పాలి. నలభై దాటితే పని ఆపి మనిషి దిగిపోవాలి. చివరిసారి డేగన్న అడిగినప్పుడు కూడా ఆఫీసక్క తెర చూసే చెప్పింది.

పద్నాలుగు.

అప్పటి నుంచీ ఆ అంకె ఆమెకి కంట్లో నలుసైంది. ఇవాళ సొంత తమ్ముడు పైన ఉన్నాడు. బయట ముసురు పట్టి ఉంటే తెర మీద సూర్యుడు వెలుగుతున్నాడు. ఇక ఉండబట్టలేక కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ పెట్టె మీద మౌసుతో నొక్కండి. ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు. ఉలుకూ పలుకూ లేదు, మా ఆయనలాగే."

"కుడి బటన్ నొక్కండి."

"తెర వెనక బొమ్మ మారుస్తావా అని అడుగుతోంది."

"దాన్ని పట్టుకుని పక్కకి లాగండి."

"కదలట్లేదు."

"అది ప్రోగ్రామ్ కాదక్కా. ఫొటో. ఎండ కాసిన రోజున ఎవరో తెరని ఫొటో తీసి, దాన్నే వెనక బొమ్మగా పెట్టారు. అసలుది మూసేశారు. గోడ మీద గడియారం బొమ్మ గీసుకుని అందులో టైము చూసుకుంటున్నట్టుంది మీ వ్యవహారం."

ఆమె ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది. వెనక బల్ల దగ్గర ఇంజనీరు బిస్కెట్ టీలో ముంచుకుంటున్నాడు. అంతా విన్నాడు.

"నేనే పెట్టాను," అన్నాడు తాపీగా. "కాస్త గాలొస్తే చాలు, అసలుది ఎర్రగా మెరిసి కుయ్యోమనేది. వంక దొరికిందని మీ డేగ దిగొచ్చి కూర్చునేవాడు. పని సాగొద్దామ్మా?"

"ఆ రోజు కూడా ఈ ఫొటోయే ఉందా సార్?"

"ఏ రోజు?" అన్నాడాయన. ఏ రోజో ఆయనకి తెలుసు.

వాకీటాకీ గరగరలాడింది.

"గాలెంత?"

"ఆగరా, ఇక్కడ తెర పాడైంది. ఏమీ ఎత్తకు," అంది ఆమె.

"నేనేమీ అడగలేదే అక్కా," అన్నాడు తమ్ముడు.

ఆమె తెర వైపు చూసింది. ఫొటోలో సూర్యుడు అలాగే ఉన్నాడు. కింద అంకె ఇరవై రెండు.

మొదట తన కళ్లనే అనుమానించింది. అంకె మీద వేలు పెట్టి ఇంజనీరుకి చూపించింది. ఆయన బిస్కెట్ టీలో విరిగి పడింది. "ఆ రిపేరువాడు నెట్లోంచి ఆటలాడుతున్నాడు," అంటూ లేచి వెనక ఉన్న నెట్ తీగ పీకేశాడు. తీగ ఆయన చేతిలో వేలాడుతోంది. తెర మీద ముప్ఫై అయిదు. సూర్యుడి మీదికి ఒక నల్లమబ్బు జరిగింది.

బయట ఆకు కదలడం లేదు. సిమెంటు బస్తాల మీది నీలం పరదా బిగుసుకుపోయినట్టు ఉంది. క్రేన్ కొసన గిన్నెలు నిశ్చలంగా ఉన్నాయి. సగం ఎత్తులో ఆగిన కడ్డీల కట్ట కూడా ఊగడం లేదు. ఎక్కడి నుంచో తడి ఇనుము వాసన వస్తోంది.

"అక్కా..." తమ్ముడి గొంతు తగ్గింది. "పైకి ఎవరినైనా పంపావా?"

"లేదురా. ఎందుకు?"

"నిచ్చెన మీద అడుగులు."

ఆమె కిటికీకి ముఖం ఆనించింది. స్తంభం లోపలి నిచ్చెన కింది నుంచి పైదాకా కనిపిస్తోంది. దాని మీద ఎవరూ లేరు.

"మెల్లగా ఎక్కుతున్నాడక్కా. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి... కాళ్లు నొప్పులున్నవాడిలా."

తెర మీద నలభై ఎనిమిది.

"ఆగాడు. మూత కింద ఉన్నాడు."

ఠక్. ఠక్. ఆ చప్పుడు వాకీటాకీలోంచి ఆఫీసు దాకా వచ్చింది.

"తెరవకు," అంది. "దాని మీద నిలబడు."

"నిలబడ్డాను. లేస్తోంది... అక్కా, నాతో సహా లేస్తోంది."

క్రేన్ పొడవాటి చెయ్యి ఒక్క కుదుపుతో పక్కకి తిరిగింది. కొక్కేనికి వేలాడుతున్న కడ్డీల కట్ట చక్రం కొట్టి వచ్చి క్యాబిన్‌ని గుద్దింది. గాజు పెంకులు తళతళమంటూ రాలాయి. వాకీటాకీలో తమ్ముడు అరిచాడు. ఆ అరుపు మధ్యలో ఇంకో చప్పుడు వినబడింది. చెరకు గడ మోకాలి మీద పెట్టి విరిచినట్టు.

"మడమ పట్టుకున్నాడు... సందులోంచి... కిందికి లాగుతున్నాడు..."

అప్పుడు మళ్లీ అదే గొంతు. బొంగురుగా, తాపీగా. నెలల తరబడి రోజూ విన్న గొంతు.

"గాలెంత?"

తమ్ముణ్ణి కాదు, తననే అడుగుతున్నాడని ఆమెకి అర్థమైంది. ఆ రోజు తనే జవాబు చెప్పింది. ఆ జవాబు నమ్మి అతను బరువెత్తాడు.

వాకీటాకీ నోటికి ఆనించుకుంది.

"డేగన్నా. ఆ రోజు నేను కనిపించిందే చెప్పాను. కనిపించింది ఫొటో. నాకు ఇవాళే తెలిసింది."

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" ఇంజనీరు ఆమె మణికట్టు ఒడిసిపట్టుకున్నాడు. "అది ఇలా ఇవ్వు."

ఆమె ఇవ్వలేదు. ఆయన కళ్లలోకి చూస్తూనే చెప్పింది.

"ఆ ఫొటో పెట్టినాయన ఇక్కడే ఉన్నాడు. ఆఫీసులో, నా పక్కన. పైనున్నవాణ్ణి వదిలెయ్యన్నా. వాడు నా తమ్ముడు."

వాకీటాకీ మూగబోయింది. ఆయన పట్టు సడలింది.

"వదిలేశాడక్కా," అన్నాడు తమ్ముడు ఏడుస్తూ. "దిగుతున్నాడు. ఈసారి మెట్లెక్కడా ఆగడం లేదు..."

తెర మీద డెబ్బై ఒకటి. ఆమె చెయ్యి విడిపించుకుని బయటికి పరుగెత్తింది. వెనక తలుపు దానంతట అదే ధడాలున మూసుకుంది.

క్రేన్ దాకా వెళ్లలేదు. ఇనుప డబ్బా మోగడం మొదలైంది. లోపల గాలి. హోరుమనే గాలి. బయట ఆమె జుట్టు కూడా చెదరలేదు. కిటికీ అద్దానికి లోపలి నుంచి కాగితాలు వచ్చి అతుక్కున్నాయి. బీరువా ఒక గోడకి కొట్టుకుంది, మళ్లీ అవతలి గోడకి. డబ్బా పక్కలు లోపలి దెబ్బలకి పొట్టల్లా ఉబ్బాయి. కాగితాల మధ్య ఒక అరచెయ్యి అద్దానికి ఆనింది. ఆమె పేరు పెట్టి పిలిచాడాయన. ఆ చెయ్యి పైకి జారిపోయింది. కిందికి కాదు... పైకి.

ఆమె తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. ఎంత గట్టిగా లాగిందో, నిజంగా లాగిందో లేదో, తర్వాత ఆమె తనని తాను ప్రశ్నించుకుంటూనే ఉంది.

ఆ తర్వాత కేక.

నిలబడి అరిచిన కేక కాదది. దూరమవుతూ పోయింది. బావిలో పడుతున్నవాడి గొంతులా కిందికి, ఇంకా కిందికి. అంత చిన్న డబ్బాలో అంత దూరం ఎక్కడుందో... చివర ఒక చప్పుడు. నేల అదిరింది.

గాలి ఆగిపోయింది.

గునపం పట్టుకుని కూలీలు వచ్చేసరికి తలుపు వేలితో తోస్తే తెరుచుకుంది. ఇంజనీరు గది మధ్యలో ఉన్నాడు. అంత మనిషీ పొట్టివాడిలా కనిపించాడు. పగిలిన తెరలో, గీతల వెనక, సూర్యుడు వెలుగుతున్నాడు. గాలి పద్నాలుగు.

తమ్ముణ్ణి తాళ్లతో దింపారు. కుడి మడమ ముక్కలైంది. ప్రాణం దక్కింది.

నాలుగు రోజులకి పోలీసాయన ఆసుపత్రికి వచ్చాడు. తమ్ముడు కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. చివరిసారి ఇంజనీరుతో ఏం మాట్లాడావని పోలీసాయన ఆమెని అడిగాడు. తెర పాడైన సంగతి మాట్లాడామని చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఏసీ పేలిందని వాళ్లు అనుకుంటున్నారట. శవపరీక్ష చేసిన డాక్టరు మాత్రం ఒప్పుకోవడం లేదట.

"ఏ అంతస్తు నుంచి పడ్డాడని అడుగుతున్నాడమ్మా. మడమలు పిండి, వెన్ను కుంగిపోయింది. చెయ్యెత్తితే కప్పు తగిలే గదిలో అన్నా వినడు." ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఆయన ఎప్పుడైనా క్రేన్ ఎక్కేవాడా?"

"ఒక్కసారి కూడా ఎక్కలేదు సార్."

"మరి గోళ్ల కింద పసుపు రంగు పెయింటు ఎలా వచ్చింది?" అన్నాడు పోలీసాయన. "పది గోళ్ల కిందా ఉంది."