జెట్ ముక్కున వేలు

"బాలుడి బాడీ సార్! ముక్కు కోసేశారట!"

కానిస్టేబుల్ ఫోన్ పెట్టేసి అరిచాడు. టైము ఉదయం ఏడు నలభై.

ఇన్‌స్పెక్టర్ అప్పుడే నైట్ డ్యూటీ దిగుతున్నాడు. ఒక కాలికి బూటుంది. రెండో కాలికి చెప్పుంది. ఆ క్షణాన ఆయన సగం పోలీసు, సగం మనిషి.

నిట్టూర్చి, చెప్పు విప్పి మళ్ళీ బూటు తొడుక్కున్నాడు.

"ఫోన్ ఎవరు చేశారు?"

"ఎవరో మగాయన సార్. గొంతు పెద్దది, చెప్పే తీరు గందరగోళం. బాలుడి బాడీ, బల్ల మీదుంది, ముక్కు నరికేశారు, మూడేళ్ళు అన్నాడు."

మూడేళ్ళు. ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ అడగలేదు. ఆయన ఉద్యోగానికి ఇంకో ఏడాది ఉంది గానీ మోకాళ్ళు ఎప్పుడో రిటైరయ్యాయి. ఆ మోకాళ్ళతోనే జీపు వైపు పరిగెత్తాడు.

ముందు జీపు. వెనక ఆంబులెన్సు. దాని వెనక స్కూటర్ మీద వేలిముద్రల నిపుణురాలు. సైరన్ విని వీధి వీధంతా ఆ ఇంటి గేటు దగ్గర పోగైంది. ఒకావిడ అప్పుడే ఏడుపు కూడా మొదలుపెట్టింది. ఎవరి కోసమో ఆవిడకీ తెలీదు.

తలుపు తీసింది ఫోన్ చేసిన పెద్దగొంతు మనిషే. ఆ ఇంటి పెద్దాయనకి బావమరిది.

"ఆంబులెన్సు ఎందుకండీ?" అన్నాడు వింతగా చూస్తూ.

"బాడీ ఎక్కడ?"

"లోపల. బల్ల మీద."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గదిలో అడుగుపెట్టాడు.

బల్ల మీద ఒక జెట్ విమానం ఉంది.

మనిషి పొడవుంది. బూడిద రంగు. యుద్ధవిమానానికి అచ్చు నకలు. కాక్‌పిట్‌లో బొటనవేలంత పైలట్ కూడా కూర్చున్నాడు. అతని ముందు మాత్రం ఏమీ లేదు. విమానం ముక్కు తెగి, పక్కనే ఒక స్పాంజి ముక్క మీద పడుకుని ఉంది.

"ఇదేంటి?"

"బాల్సా బాడీ అండీ. ఫోన్‌లో చెప్పానుగా! బాల్సా అంటే దూదంత తేలికైన చెక్క. రేడియో కంట్రోల్‌తో ఎగిరే విమానం. మా బావ మూడేళ్ళ రెక్కల కష్టం!"

అక్షరాలా నిజం. రెక్కలు రెండూ కళ్ళెదుటే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ పైకప్పు వైపు చూశాడు.

"నీ చెవులు కూడా రేడియో కంట్రోలే అనుకుంటా. రిమోట్ ఎవడి దగ్గరుందో మరి."

"వెళ్ళిపోదామా సార్?"

అదే మంచి ఆలోచన. ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుని వెనుదిరిగాడు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఏదో దడదడలాడింది. ఒక కుర్రాడు సూట్‌కేసు ఈడ్చుకుంటూ దిగుతున్నాడు. వెనకే ఇంటావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"బాబూ, అమ్మాయికి ఎనిమిదో నెల. ఇప్పుడెక్కడికి తీసుకుపోతావ్?"

"ఎక్కడికైనా సరే అత్తయ్యా. ముక్కు నేనే కోశానని నింద వేసిన ఇంట్లో పూట కూడా ఉండం. ఆస్పత్రిలో చెకప్ చేయించుకుని తను వచ్చాక పెద్ద సూట్‌కేసు కూడా దించుతా."

"అదిగో, పారిపోతున్నాడు!" బావమరిది వేలెత్తి చూపాడు. "నిన్న భోజనాల దగ్గర ఏమన్నాడో అడగండి!"

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ టోపీ తీశాడు. ఇంటికెళ్ళి పడుకునే యోగం ఇవాళ రాసిపెట్టి లేదు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"ఏమన్నావు బాబూ?"

"మామయ్యా, మీ విమానం ముక్కు గుమ్మం దాకా వచ్చింది, కాస్త కొయ్యండి, ఈ గదిలో ఉయ్యాల పెట్టుకుంటాం అన్నానండీ. నవ్వుతూనే అన్నాను. అందరూ నవ్వారు కూడా."

"నేను నవ్వలేదు," అన్నాడు బావమరిది.

"పొద్దున్న ఎవరు ముందు చూశారు?"

"నేనే. రేపు మైదానంలో దీని మొదటి ఫ్లైటు. క్లబ్బు మొత్తాన్నీ పిలిచాను. తుడుద్దామని వస్తే ఇదీ సంగతి."

"ఎగరేసేది ఎవరు?"

"ఇంకెవరు, మా బావే! క్లబ్బులో ఆయన చెయ్యి పడితే విమానం పిట్టలా మాట వింటుంది."

ఆ బావగారు గది మూలన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఇళ్ళ ప్లాన్లు గీసిన డ్రాఫ్ట్స్‌మన్. రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుని నేల చూస్తున్నాడు.

"మీకు ఎవరి మీద అనుమానం సార్?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరి మీదా లేదు. కేసొద్దు. వదిలెయ్యండి."

"చూశారా, ఎంత పెద్ద మనసో!" అన్నాడు బావమరిది. "అల్లుణ్ణి కాపాడుతున్నాడు!"

అల్లుడు సూట్‌కేసు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. పెద్దాయన తల ఎత్తలేదు.

"ముక్కు ఉన్నప్పటి ఫోటో ఏదైనా ఉందా?"

పెద్దాయన ఫోన్ తీసి బొటనవేలు ఆనించాడు. ఫోన్ తెరుచుకోలేదు. ఇంకో వేలు పెట్టాడు. అదీ లాభం లేదు. ఇంటావిడ ఫోన్ లాక్కుని నంబరు కొట్టింది.

"మూడు నెలల్నించీ ఇదే వరసండీ. పాడైపోయింది, మార్చమంటే వినరు. నేను గుర్తుపడుతున్నా, ఫోనే ఈయన్ని గుర్తుపట్టడం మానేసింది."

ఫోటో చూసి ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. మోకాలు మూలిగింది.

సన్న రంపంతో కోసిన కోత ఒక చుట్టు గీత వెంట ఉంది. గీతకి అటూ ఇటూ కాగితపు టేపు అంటించి ఉంది. ముందు చక్రానికి వెళ్ళే సన్నటి తీగ తెగలేదు. ఎవరో దాన్ని జాగ్రత్తగా విడదీశారు.

"ముందు ఏ భాగం చేశారు సార్?"

ఆ ప్రశ్నకి మాత్రం పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. "తోక. తర్వాత ఎడమ రెక్క. కుడి రెక్క ఆ తర్వాత. ముక్కు చివర."

"రెక్కల మీద రేకులు అతికినట్టున్న ఈ గీతలు?"

"అన్నీ చేత్తో గీసినవే. భాగం పూర్తయ్యేసరికి గీతలూ పూర్తవుతాయి."

ఇన్‌స్పెక్టర్ తోక దగ్గర్నించి ముక్కు దాకా నెమ్మదిగా నడిచాడు. తర్వాత నిపుణురాల్ని పిలిచాడు.

"ఎలాగూ వచ్చావు కదమ్మా. ఆ టేపు జిగురు వైపు కాస్త చూడు."

ఆమె పౌడరు చల్లింది. భూతద్దం పెట్టింది. ముఖం చిట్లించింది.

"వేళ్ళు ఆనిన గుర్తులున్నాయి సార్. ముద్రల్లేవు. గోళీల్లా నున్నగా ఉన్నాయి."

"గ్లవ్సా?"

"కాదు సార్. గ్లవ్స్ అయితే ముడతలు పడతాయి. ఇవి ఉత్త వేళ్ళే."

"గీతల్లేని వేళ్ళా!" కానిస్టేబుల్ ముక్కున వేలేసుకున్నాడు. "దెయ్యమా సార్?"

ఇన్‌స్పెక్టర్ నలుగుర్నీ బల్ల చుట్టూ నిలబెట్టాడు. కేసు తేలినందుకు ఆయన ముఖంలో సంతోషం లేదు. అలసట మాత్రం ఇంకాస్త పెరిగింది.

"బాల్సా ఎంత మెత్తగా ఉంటుందండీ?"

"గోరుతో నొక్కితే నొక్కు పడుతుంది," అన్నాడు బావమరిది.

"మరి పగవాడికి రంపమెందుకు? ఒక్క తొక్కు చాలు. టేపెందుకు? రంగు లేవకుండా. తీగ ఎందుకు విడదీశాడు? మళ్ళీ తగిలించడానికి. ముక్కు కింద స్పాంజి ఎందుకు? దానికి నొప్పెట్టకుండా. ఇది నరకడం కాదు, ఆపరేషన్. దీన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళే చేశారు."

ఇన్‌స్పెక్టర్ పెద్దాయన వైపు తిరిగాడు.

"ఇందాక ఒక విషయం మనందరి కళ్ళముందే జరిగింది. ఫోన్ పాడైందనుకున్నాం. ఫోన్‌కి ఏ రోగమూ లేదు. సార్, మూడేళ్ళుగా ఏ జిగురుతో అతికిస్తున్నారు?"

"సూపర్ గ్లూ," అన్నాడు పెద్దాయన మెల్లగా.

"గ్లవ్స్ వేసుకుంటారా?"

"వేసుకుంటే చెక్క మాట వినదు."

"ఆ జిగురు వేళ్ళ మీద పొర మీద పొర ఎండిపోయింది. అందుకే ఫోన్‌కి మీ ముద్ర దొరకలేదు. మాకూ దొరకలేదు. ఈ ఇంట్లో ముద్రల్లేని వేళ్ళు మీ ఒక్కరివే."

ఇంటావిడ భర్త చేతిని చూసింది. కప్పు కిందపెట్టాక ఆ చెయ్యి జేబులోకి దూరబోయింది. ఆవిడ పట్టుకుని ఆపింది. అరచేతిలో ఆ వేళ్ళు వానలో తడిసిన పిట్టలా వణుకుతున్నాయి.

"తోక మీది గీతలు స్కేలు పెట్టినట్టున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎడమ రెక్క పర్లేదు. కుడి రెక్క మీద చీమ నడిచినట్టుంది. ముక్కు దగ్గరికొచ్చేసరికి..." మిగతాది మింగేశాడు.

పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"పోయిన నెల చిన్న విమానం ఒకటి ఎగరేశాను. గోడకి కొట్టాను. గాలి వల్ల అని చెప్పాను. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. రేపు అంతమంది ముందు దీన్ని... నా చేత్తో... ముక్కు విరిగిందంటే అయ్యో పాపం అని వెళ్ళిపోతారనుకున్నా. వీడు పోలీసుల్ని పిలుస్తాడనుకోలేదు."

"వణుకు సంగతి నాకైనా చెప్పొచ్చుగా?" అంది ఇంటావిడ.

"నీకు చెబితే నిజమైపోతుందని."

అల్లుడు ఒక అడుగు ముందుకేశాడు. "నేను పెట్టె సర్దుకుంటున్నా చూస్తూ కూర్చున్నారు మామయ్యా."

"కూర్చున్నాను." పెద్దాయన కళ్ళెత్తాడు. "ముక్కుసూటి మనిషినని అందరూ అంటారు. ఇవాళ ఆ ముక్కు లేదు నాకు. తప్పు చేశాను బాబూ."

ఆయన రేడియో కంట్రోల్ డబ్బాని బల్ల మీద అల్లుడి వైపు జరిపాడు.

"రేపు కాదు. అతికించి, రంగేసి ఆరబెట్టడానికి వారం పడుతుంది. అప్పుడు ఇది నువ్వు పట్టుకో. పక్కన నిలబడి నేను చెబుతా."

"నేను కూల్చేస్తే?"

"కూలిస్తే నీకూ వణుకుందని చెప్పుకుందాం."

అల్లుడు వెంటనే నవ్వలేదు. డబ్బానీ వెంటనే తీసుకోలేదు. సూట్‌కేసుని కాలితో బావమరిది వైపు తోశాడు. "ముందు ఈ పెట్టెని చినమావయ్య పైకి మోసుకెళ్ళి పెట్టాలి."

బావమరిది గొంతు మొదటిసారి చిన్నదైంది. "అదెంత భాగ్యం అల్లుడూ," అంటూ ఎత్తాడు. అది బాల్సా కాదని రెండో మెట్టు మీద తెలిసింది.

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చాడు. గేటు దగ్గర జనం ఇంకా పెరిగారు.

"బాలుడి బాడీ ఏది సార్?"

"బాలుడూ లేడు, బాడీ లేదు. అది బాల్సా. విమానం బొమ్మ చేసే చెక్క. మూడేళ్ళన్నది వయసు కాదు, పట్టిన కాలం. మావాడి చెవిలో పడేసరికి అలా తయారైంది. తిట్టాలనే ఉంది. కానీ వాడు సరిగ్గా విని ఉంటే మేం వచ్చేవాళ్ళమే కాదు."

కానిస్టేబుల్‌కి అది పొగడ్తో తెగడ్తో అర్థం కాలేదు. ఏడ్చే ఆవిడ కళ్ళు తుడుచుకుంది, కొంచెం నిరాశగా.

"మరి ముక్కు ఎవరు కోశారు సార్?"

ఇన్‌స్పెక్టర్ వెనక్కి చూశాడు. కిటికీలోంచి బల్ల కనిపిస్తోంది. ముసలి చేతులు చూపిస్తున్నాయి. పడుచు చేతులు ముక్కుని పట్టుకుని ఉన్నాయి.

"కోసినవాళ్ళే అతికించుకుంటున్నారు. జిగురు ఆరేదాకా కదలనివ్వకూడదట. పదండి, చప్పుడు చెయ్యకండి."