ఆల్టో గొంతుకు ఒక దారి

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడు, వానాకాలంలో తీతు ఇబ్రహీంపట్నం వెళ్లింది ఒక మనిషి పేరు కొట్టేయడానికి.

సికింద్రాబాద్‌లో ఒక మిషన్ సంగీత పాఠశాల ఉండేది. పల్లెల్లోని బడిపంతుళ్లకు పోస్టులో హార్మనీ నేర్పేది. నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు వేర్వేరు వరసలు పాడుతూ పొందికగా ఎలా నడవాలన్నదే ఆ చదువు. పైన సొప్రానో, కింద బేస్, నడుమ ఆల్టో, టెనర్. పంతుళ్లు అభ్యాసాలు రాసి పంపేవారు. తీతు ఎర్ర సిరాతో దిద్దేవాడు. ఆరేళ్లుగా అదే పని. ముప్పై నిండకుండానే కళ్లు లాగడం, మెడ పట్టేయడం మొదలయ్యాయి. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో, ముందు ఈ కట్ట అయిపోనివ్వండి అనేవాడు. ఆ కట్ట కింద ఇంకో కట్ట ఉండేది.

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే కాగితాల మీద ఇంద్రసేన అని సంతకం ఉండేది. ముత్యాల్లాంటి రాత. తప్పు మాత్రం ప్రతిసారీ ఒకటే. రెండు గొంతుల మధ్య సా-పాలకున్నంత దూరం ఉంటే, అవి అదే దూరంతో ఒకే వైపు కదలకూడదు. మొదటి పాఠంలోనే చెప్పే నియమం అది. ఇంద్రసేన రాసిన ఆల్టో మాత్రం బేస్ వెంటే ఎక్కేది, బేస్ వెంటే దిగేది. మూడోసారి తీతు విసిగిపోయి, 'సోదరా, పొలం పనులు తెమిలాక తీరిగ్గా కూర్చుని రాయండి' అని రాసి సున్నా పెట్టాడు.

పాఠశాల నియమం ప్రకారం, మూడుసార్లు తప్పిన మనిషిని, కాగితాలు దిద్దినవాడే స్వయంగా వెళ్లి చూడాలి. పనికిరాడని తేలిస్తే పేరు తీసేస్తారు. ఆ బడికిచ్చిన హార్మోనియం వేరే ఊరికి పోతుంది.

బస్సులో హయత్‌నగర్ దాకా, అక్కడి నుంచి ఎద్దుబండి మీద, దారంతా వానలో తడుస్తూ తీతు బడి చేరేసరికి పగలు రెండయింది. వరండాలో ఒకామె పిల్లల పలకలు తుడిచి గోడకు ఆనిస్తోంది. పాతికేళ్లుంటాయి. చీర కొంగుకు సుద్దపొడి, కళ్ల కింద నల్లటి చారలు.

ఇంద్రసేన పంతులును పిలవమన్నాడు తీతు.

ఆమె ఆఖరి పలక కూడా తుడిచి, అప్పుడు తల ఎత్తింది. "నేనే. మాకు పొలం లేదు సారు. అరవై మంది పిల్లలున్నరు, ఇంట్ల మంచం పట్టిన అమ్మ ఉంది. తీరిక యాడికెళ్లి దేవాలె?"

తీతు గొడుగు మూయబోతే అది మూసుకోలేదు. ఇంద్రసేన దాన్ని అందుకుని ఒక్క విసురుతో మూసి మూలన పెట్టింది. ఇంద్రసేన అన్నది నాయనమ్మ పేరనీ, బాప్తిస్మం తీసుకున్నా తండ్రి ఆ పేరు మార్చనివ్వలేదనీ తర్వాత చెప్పింది. ఆయన పోయి నాలుగేళ్లయింది.

తీతు దిద్ది పంపిన వరసనే పిల్లల చేత పాడించింది. మొదటి పాదం బాగానే నడిచింది. రెండో పాదానికి ఆల్టో వరుసలోని ఆడపిల్లలు మెల్లగా సొప్రానోలోకి జారుకున్నారు. మూడో పాదానికి ఆల్టో అన్నదే లేదు.

"మీ రూలు ప్రకారం రాస్తే ఆ పోరగాండ్లకు తొమ్మిదిసార్లు ఒకటే స్వరం," అంది ఇంద్రసేన. "గంతసేపు ఒక్కకాడ ఎవరు నిలవడుతరు? అందుకే వాళ్లకు జర కదిలే దారి ఇచ్చిన. తప్పని ఎరుకే."

తీతు దిద్దే పనికి రాకముందు దండు బ్యాండులో క్లారినెట్ వాయించాడు. ఐదేళ్లూ రెండో క్లారినెట్టే. అందరూ రాగం వింటూ తలలూపుతుంటే నడుమ గొంతు పట్టుకుని, ఒకే స్వరం మీద ఊపిరి ఆపుకుంటూ నిలబడినవాడు. ఆ పిల్లలు ఎందుకు జారుకున్నారో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అదే మాట ఆమెతో అన్నాడు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని కూడా అన్నాడు.

తర్వాత కాళ్లతో తొక్కే ఆ హార్మోనియం ముందు కూర్చుని, కళ్లు మూసుకుని వినమన్నాడు. ఎన్ని గొంతులు వినబడుతున్నాయో చెప్పమని, ఆమె రాసిన వరసనే వాయించాడు.

"మూడు," అంది ఇంద్రసేన. మళ్లీ వాయించమంది. కళ్లు తెరిచి, చిన్నగా అడిగింది. "నాలుగోది యాడికి పోయె?"

"బేస్‌ల కలిసిపోయింది. గంత దూరంల ఒక్క తీరుగ నడిస్తే రెండు ఒకటే అయితయి. మీరు ఆల్టోకు దారి ఇయ్యలే పంతులమ్మ, దాన్ని బేస్ నీడ చేసిన్రు."

ఆమె ముఖం వాడిపోయింది. తీతు తొందరగా, తను దిద్దింది కూడా సరైనది కాదన్నాడు. తప్పు లేకుండా ఉందే కాని, పాడేవాళ్లను తలుచుకుని రాసింది కాదు.

పిల్లలను ఇంటికి పంపి ఇద్దరూ కూర్చున్నారు. బయట వాన ఆగలేదు. బేస్ పైకి ఎక్కిన చోట ఆల్టోను ఒక్కో మెట్టే కిందికి దింపారు. ఒకదాని వెంట ఒకటి వచ్చే రెండు స్వరమేళాలకూ ఉమ్మడిగా ఉన్న స్వరం దొరికినప్పుడు మాత్రం కాసేపు అక్కడే నిలిపారు. పైనున్న సా పక్కకు వచ్చిన ని ఆ సా దగ్గరికే చేరేలా చూశారు. ఒకచోట ఆల్టో టెనర్ కిందికి జారిపోతే ఇంద్రసేనే పట్టుకుంది. ఈ తప్పుకు ఎన్ని సున్నాలో చెప్పమంది. అతను నవ్వాడు. నవ్వితే దవడ నొప్పి పుట్టింది. నవ్వి ఎన్నాళ్లయిందో లెక్క తెలియలేదు.

మర్నాడు పొద్దున పిల్లలు పాడారు. ఆల్టో వరుస చివరిదాకా తన దారిన తను నడిచింది. ఇంద్రసేన పేరు కొట్టేయకుండానే తీతు వెనుదిరిగాడు.

ఆ తర్వాత దిద్దిన కాగితం మీద 'సోదరీ' అని జాగ్రత్తగా రాశాడు. తిరుగు టపాలో అభ్యాసం అడుగున ఒక వాక్యం వచ్చింది: 'సోదరీ అని రాయకండి. వేరే మాట దొరక్కపోతే ఏమీ రాయకండి.'

తీతు ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు చదివాడు. కోపమో, వేళాకోళమో, ఇంకేదో తేలలేదు. తర్వాతి మూడు కాగితాల మీద పిలుపు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలాడు. నాలుగో కవరులో అభ్యాసం లేదు. అమ్మకు జ్వరం తిరగబెట్టిందనీ, బడీ ఇల్లూ రెండూ చేయలేకపోతున్నాననీ, ఇక తన పేరు తీసేయమనీ ఉంది.

శనివారం తీతు మళ్లీ బస్సెక్కాడు.

ఇంద్రసేన ఇంటి ముందు తడి బట్టలు ఆరేస్తోంది. అతన్ని చూసి, పేరు కొట్టేయడానికి ఇంత దూరం రావాలా అంది. గొంతులో ఓపిక లేదు.

తీతు దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయాడు. "ఆరేండ్ల సంది కవర్లు చింపుతున్న," అన్నాడు. "ఎదురుచూసింది ఒక్క నీ కవరుకే. గిది చెప్పనీకె వచ్చిన."

ఆమె చేతిలోని చీరను పిండింది. పిండిన చీరనే మళ్లీ పిండింది. "లగ్గమైనంక సుత సున్నలు పెడుతవా?"

"తప్పు చేస్తే పెడుత."

ఆ మాటలు విని లోపల మంచం మీద నుంచి తల్లి మాణిక్యమ్మ అతన్ని పిలిచింది. జ్వరం దిగినా మనిషి పుల్లలా ఉంది. అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. జీతం అడగలేదు, కులం అడగలేదు.

"నా బిడ్డ బాగ అలిసింది కొడుకా. నిన్ను చూస్తే నువ్వు సుత అట్లనే ఉన్నవ్. ఇద్దరు అలిసినోళ్లు ఒక్క ఇంట్ల ఉండి ఏం జేస్తరు?"

తీతు ఆలోచించే చెప్పాడు. "ఒకరు పంజేస్తుంటె ఒకరు కూసుంటరు, అమ్మా."

మాణిక్యమ్మ కూతురి వైపు తిరిగి, నువ్వు కూర్చో అంది. అతనికి పొయ్యి చూపించింది.

కట్టెలు తడిసి ఉన్నాయి. ఊది ఊది తీతు కళ్లు ఎర్రబడ్డాయి. చాయ్ గ్లాసుల్లో పోసి వెనక్కి తిరిగేసరికి ఇంద్రసేన గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. చేతులు ఒడిలో తెరిచి ఉన్నాయి. లేపొద్దని మాణిక్యమ్మ సైగ చేసింది.

తీతు ఒక గ్లాసు మాణిక్యమ్మకిచ్చి, రెండోది పట్టుకుని ఇంద్రసేన పక్కన నేల మీద కూర్చున్నాడు. చల్లారిపోతుంటే తనే తాగాడు. ఆమె లేచాక మళ్లీ పెట్టొచ్చు.