చీనీ గలీలో నీలం తలుపు

మా తాతయ్య రామమోహనరావు గారికి ఎనభై నాలుగేళ్లు. ఆదివారం పొద్దున్నే సరోజినీ నగర్ నుంచి ఆటోలో ఆయన్ని పాతఢిల్లీ తీసుకెళ్లాను. ఒకప్పుడు బూట్లు కుట్టే చైనా కుటుంబాలు ఉన్న సందు అది. ఇప్పటికీ చీనీ గలీ అనే అంటారు. చైనావాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. గుమాస్తాగా చేరిన కొత్తలో తాతయ్య అక్కడే అద్దెకుండేవారు.

ఎండ అప్పుడే గోడల మీదికి దిగుతోంది. ఎక్కడో కచోరీలు వేగుతున్న వాసన. ఫొటోలు తీసుకుంటూ నడిచాను. గుమ్మాల మీద చెక్కిన చైనా అక్షరాలు సున్నం కింద సగం పూడిపోయాయి.

సందు చివర, తాళం వేసిన నీలం తలుపు దగ్గర తాతయ్య ఆగిపోయారు.

"ఇక్కడే... అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు పోలీసులు ఈ సందులోని చైనావాళ్లందర్నీ నిర్బంధ శిబిరానికని లారీ ఎక్కించారు. ఈ ఇంటి పాప మెయ్‌కి ఒళ్లు కాలిపోతోంది. తిరిగొచ్చేదాకా పాపను ఉంచుకో బాబూ అని వాళ్లమ్మ నా కాళ్లు పట్టుకుంది."

"మీరేం చేశారు?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నేనే పాపను ఎత్తి లారీలో కూచోబెట్టాను. దారిలోనే పోయిందట."

మా అందరికీ నీతులు చెప్పి పెంచిన మనిషి. ఇన్నేళ్లూ ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు తలుపు వెనక దగ్గు వినిపించింది.

పిల్లల దగ్గు... సన్నగా, తడిగా. పచ్చితోలు వాసన గుప్పుమంది.

తాతయ్య తలుపు తట్టారు. "మెయ్... నేనమ్మా."

దగ్గు ఆగిపోయింది.

ఎదురు కొట్టు పెద్దాయన తాళంచెవితో వచ్చాడు. "అందర్ కుఛ్ నహీఁ హై, బాబూజీ," లోపల ఏమీ లేదంటూ తలుపు తీశాడు.

జానెడు దూరంలో ఇటుక గోడ. ఇల్లు కూల్చేసి ముప్ఫై ఏళ్లయిందట. గోడ అవతల బండ్లు నిలుపుకునే ఖాళీ జాగా.

తాతయ్య గోడకు చెవి ఆనించారు. "తప్పయిపోయింది తల్లీ," అన్నారు.

చివరికి చెవి తీసి, అరుగు మీద కూలబడ్డారు. పెద్దాయన నీళ్లు తేవడానికి వెళ్లాడు. తలుపు మూద్దామని నేను దగ్గరికి వెళ్లాను.

ఇటుకల్లోంచి చిన్నపిల్ల గొంతుతో గుసగుస. తెలుగులో.

"అక్షరా... ఆయన్ని పంపెయ్. నువ్వుండు."

తాతయ్య ఆశగా తలెత్తారు. "ఏమన్నా అందా?"

"లేదు," అన్నాను.

ఆ సందులోకి వచ్చాక నా పేరు ఎవరూ పలకలేదు... తాతయ్య కూడా.